వెనక గదికి సిగ్నల్

ఇల్లు,
జూన్ 3.

తమ్ముడికి,

ఈ ఉత్తరం చూసి నా కోపం పోయిందనుకోకు. పనిబడి రాస్తున్నాను.

ఈ పధ్నాలుగు నెలల్లో నీ దగ్గర్నుంచి తొమ్మిది ఉత్తరాలు వచ్చాయి. ఒక్కటీ విప్పలేదు. చింపనూ లేదు. దుప్పట్ల బీరువాలో అడుగున పడేశాను. ఆ రోజు పనిచీటీ మీద ఇన్‌చార్జిగా సంతకం పెట్టింది నువ్వు. నువ్వు కింద ఉన్నావు, మీ బావ సీలింగ్ పైన కేబుల్ వేస్తున్నాడు. పీకిన ఫ్యూజ్ మళ్ళీ ఎవరో పెట్టారు, కరెంటు కొట్టి ఆయన పోయాడు. ఎవరు పెట్టారని కోర్టు అడిగితే "బాధ్యత నాదే" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నావు. రెండేళ్ళు వేశారు. నాకు మాత్రం ఏమీ తేలలేదు.

సరే, పని సంగతి. నేనిప్పుడు ఇంటినుంచే ఒక ఆసుపత్రికి పని చేస్తున్నాను. డాక్టర్లు రోగుల గురించి మాట్లాడింది రికార్డయి నెట్ మీద నాకు వస్తుంది. విని టైపు చేసి పంపాలి. ముందు గదిలో అత్తయ్య ఉంటారు. ఆవిడ దగ్గూ టీవీ వార్తలూ కలిసి డాక్టరు మాట ఒక్కటీ వినబడనివ్వవు. అందుకని వెనక గదిలో కూర్చుంటాను. కానీ మీ బావ బిగించిన రౌటర్ ముందు గది అలమరలో ఉంది. మధ్యలో ఇనప బీరువాలు, ఆ లావు గోడ. వెనక గదిలోకి సిగ్నల్ రాదు. గడప మీద కూర్చుని, ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుంటే ఒక గీత వస్తుంది. పోయిన వారం మూడు ఫైళ్ళు సగంలో తెగిపోయాయి. ఆఫీసులో మా పెద్దావిడ, "ఇంకోసారి ఇలా అయితే వేరేవాళ్ళని చూసుకుంటాం" అని ముఖం మీదే చెప్పేసింది.

మీ బావ పనిసంచిలో ఒక పాత రౌటర్ ఉంది. నల్లది, రెండు కొమ్ములు, ఒకటి విరిగితే టేపు చుట్టి ఉంది. పొడుగాటి కేబుల్ చుట్ట కూడా ఉంది. దాన్ని దీనికి కలిపి వెనక గదిలో పెట్టుకోవచ్చా? ఈ ఊళ్ళో ఈ పని తెలిసినవాళ్ళందరూ మీ కాంట్రాక్టర్ మనుషులే. వాళ్ళని గడప తొక్కనివ్వను.

నీకు రాస్తున్నట్టు అత్తయ్యకి తెలీదు. నీ పేరు ఈ ఇంట్లో ఎవరమూ ఎత్తం. కాబట్టి కబుర్లేమీ వద్దు. ఎలా కలపాలో మాత్రం రాయి.

– అక్క


జైలు, మూడో బ్యారక్,
జూన్ 12.

అక్కకి,

కవరు మీద నీ చేతిరాత చూసి విప్పడానికి భయమేసింది. పొద్దున ఇస్తే సాయంత్రం దాకా జేబులో పెట్టుకు తిరిగాను.

కబుర్లు వద్దన్నావు. సరే.

కలపొచ్చు. భేషుగ్గా కలపొచ్చు. ఆ నల్లది నాకు తెలుసు, మేమిద్దరం ఒక స్కూల్లో మార్చి తెచ్చిందే. ముందు దానిలో ఉన్న పాత సంగతులన్నీ చెరిపెయ్యాలి. దాని వీపున చిన్న చిల్లి ఉంటుంది. కరెంటు ఇచ్చి, ఆ చిల్లిలో గుండుసూది గుచ్చి పది అంకెలు లెక్కపెట్టు. దీపాలన్నీ ఒకసారి ఆరి వెలుగుతాయి. అప్పుడు పొట్టి వైరుతో నీ కంప్యూటర్‌కి కలిపి, అడుగున కాగితం మీద అచ్చయిన నంబర్ టైపు చేస్తే దాని లోపలి పేజీ తెరుచుకుంటుంది. అక్కణ్ణుంచి ఏం మార్చాలో, ఏ వైరు ఏ రంధ్రంలో పెట్టాలో కింద బొమ్మ గీశాను. బొమ్మ చూసి చెయ్యి. మాటల్లో కంటే అదే తేలిక.

మాకు వారానికి ఒక్క కాగితమే ఇస్తారు. సగం బొమ్మకే పోయింది.

అక్కా, నువ్వు అడిగావు. అంతే చాలు.

– తమ్ముడు


ఇల్లు,
జూన్ 24.

తమ్ముడికి,

నీ బొమ్మ ఉండాల్సిన చోట నల్ల సిరా పూసి, పైన గుండ్రటి ముద్ర గుద్ది పంపారు. గళ్ళూ గీతలూ చూసి నువ్వు గోడ దూకే దారి గీశావనుకున్నట్టున్నారు. నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి. వెంటనే నీ మీద ఇంకా కోపమొచ్చింది, నవ్వించినందుకు.

నాకు తోచినట్టు చేశాను. గుండుసూది గుచ్చాను. దీపాలు ఆరి వెలిగాయి. ముందు రౌటర్‌లో ఉన్న పసుపు రంధ్రంలోంచి కేబుల్ లాగి దీని పసుపు రంధ్రంలో పెట్టాను. అయిదు నిమిషాలు బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత ఇల్లంతా నెట్ పోయింది. ముందుదీ పోయింది, వెనకదీ పోయింది. అత్తయ్య మధ్యాహ్నం పూట వాళ్ళ చెల్లెలితో వీడియోలో మాట్లాడుకుంటారు. అదొక్కటే ఆవిడకి కాలక్షేపం. అదీ ఆగిపోయింది.

"ఏం కెలికావే?" అన్నారు.

"వెనక గదిలోకి నెట్ తెద్దామని."

"ఇవన్నీ ఎవరు చెప్పారు నీకు?"

"పుస్తకంలో చూశాను."

 పుస్తకం ఏదని ఆవిడ అడగలేదు.

నేను కేబుల్ పీకేసి, ఆ రోజు పని కోసం రెండు వీధుల అవతల జిరాక్సు షాపులో కూర్చున్నాను. పక్కన కాగితాల మిషన్ చప్పుడు. చెవుల్లో ఒక డాక్టరు, ఎవరికో ఇక లాభం లేదని చెబుతున్నాడు. అది తప్పుల్లేకుండా టైపు చేశాను.

ఈసారి బొమ్మలొద్దు. నాకు అర్థమయ్యేలా మాటల్లో రాయి. అక్కడ తిండి సరిగ్గా పెడుతున్నారా?

– అక్క


జైలు, మూడో బ్యారక్,
జులై 5.

అక్కా,

బొమ్మ గురించి నన్ను ఆఫీసు గదికి పిలిపించి గంటసేపు అడిగారు. రౌటర్ అంటే ఏమిటో ఆ గుమాస్తాకి చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆయన, "మా ఇంట్లో మేడ మీద కూడా రాదయ్యా, ఏం చెయ్యాలి?" అన్నాడు. కాబట్టి ఇప్పుడు మాటల్లో ఎంత రాసినా ఫరవాలేదు.

తప్పు నీది కాదు. నువ్వు పెట్టిన రంధ్రాలు సరైనవే. నీలం దాని జోలికి పోకుండా పసుపులోంచి పసుపులోకే పెట్టాలి. ఎక్కడ చెడిందంటే, ఇంట్లోకి వచ్చే ప్రతి ఫోనుకీ, కంప్యూటర్‌కీ రౌటర్ ఒక నంబర్ ఇస్తుంది. ఆ పంచిపెట్టే పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఇప్పుడు ఇద్దరూ పంచడం మొదలెట్టారు. పైగా ఇద్దరి సొంత నంబరూ ఒకటే. ఎవరి మాట వినాలో తెలియక ఇల్లంతా ఆగిపోయింది. పెత్తనం ముందు గదిదానికే వదిలి, వెనకదాన్ని నోరు మూసుకుని కూర్చోమనాలి.

ఇలా చెయ్యి. పొడుగు కేబుల్ ఇప్పుడే పెట్టకు. మళ్ళీ గుండుసూదితో మొదలెట్టి నల్లదాని పేజీ తెరువు. అందులో దాని సొంత నంబర్ 192.168.1.1 అని ఉంటుంది. చివరి ఒకటి తీసి రెండు వెయ్యి. సేవ్ నొక్కు. అది ఆరి వెలుగుతుంది. ఇప్పుడు కొత్త నంబర్‌తో పేజీ మళ్ళీ తెరిచి, వైఫై పేరూ పాస్‌వర్డూ ముందు గదిలో ఉన్నవే అక్షరం పొల్లు పోకుండా పెట్టు. అప్పుడు నువ్వు ఏ గదిలోకి వెళ్ళినా ఫోను దానంతటదే పట్టుకుంటుంది. ఛానెల్ అని ఉన్నచోట ముందుదానికి ఒకటి ఉంటే దీనికి పదకొండు వెయ్యి. అన్నిటికంటే చివర డీహెచ్‌సీపీ ఆపెయ్యి. అప్పుడే పొడుగు కేబుల్ కలుపు. బావ ఏ ఇంట్లో పెట్టినా నంబర్లు వంద నుంచి పంచేలా పెట్టేవాడు, కాబట్టి ఆ రెండో నంబర్ ఇంకెవరికీ పోదు.

కేబుల్ తలుపు సందులోంచి నలిగేలా తీసుకుపోకు. గోడ మూల వెంట తీసుకుపో. మడత దగ్గర వేలు పట్టేంత వంపు ఉండాలి. ఈ మాట బావదే. రోజుకి పదిసార్లు అనేవాడు.

తిండి పెడుతున్నారు. తింటున్నాను.

– తమ్ముడు


ఇల్లు,
జులై 20.

ఒరేయ్ తమ్ముడూ,

వచ్చింది! వెనక గదిలో, కిటికీ పక్కన బల్ల మీద, నిండా గీతలు. పది రోజులుగా ఒక్క ఫైలు తెగలేదు. పెద్దావిడ ఫోన్ చేసి, "ఏం చేశారు, కొత్త కనెక్షనా?" అంది. కాదండీ, పాతదే అన్నాను.  నేను గోడ మూల కేబుల్ మేకులు కొడుతుంటే అత్తయ్య స్టూలు కదలకుండా పట్టుకుని నిలబడ్డారు.

ఇది రాయడానికి కాదు కూర్చున్నది. మొన్న నిచ్చెన వచ్చాడు. మీతో పనిచేసే ఆ పొడుగాయన, మీరంతా నిచ్చెన అని పిలిచేవాళ్ళే, ఆయన. కాంట్రాక్టర్ దగ్గర మానేశాడట. గుమ్మంలో నిలబడే చెప్పాడు.

"అమ్మా, మీ తమ్ముడు ఎవరి నెత్తిమీదిదో తన నెత్తిన వేసుకున్నాడు. ఫ్యూజ్ పెట్టింది సూపర్‌వైజర్. కాంట్రాక్టర్ పెట్టిన వకీలు మీవాడికి ఏదో నూరిపోసి నోరు మూయించాడు. మేమంతా అనుకునేది ఇదే."

  ఇన్నాళ్ళూ నిన్నెన్ని అన్నానో, మనసులోనే అయినా ఎన్నెన్ని అన్నానో. నువ్వు వేరేవాళ్ళ తప్పు మోస్తూ అక్కడ కూర్చుని, నేను విప్పనైనా విప్పని ఉత్తరాలు రాశావు. బొమ్మ చెరిపేస్తే మళ్ళీ ఓపిగ్గా మాటల్లో రాశావు.

నిన్ననే పోలీసులకి ఫిర్యాదు రాసిచ్చాను. సూపర్‌వైజర్ పేరు స్పష్టంగా రాశాను. మళ్ళీ విచారణ చేస్తామన్నారు. నిచ్చెన కూడా వచ్చి చెబుతానన్నాడు. నువ్వు ఒక్క మాట రాసి పంపు, "అవును, అతనే" అని. అది జతచేస్తే గట్టిగా ఉంటుందట.

నవంబర్‌లో నీ విడుదలని నిచ్చెన చెప్పాడు, ఇక్కడికే రా. అత్తయ్యకి నేను చెప్పుకుంటాను. మధ్య గది ఖాళీ చేయిస్తాను.

– మీ అక్క


జైలు, మూడో బ్యారక్,
జులై 29.

అక్కా,

ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకో. ఈ ఉత్తరం అందిన రోజే వెళ్ళు.

సూపర్‌వైజర్ ఆ రోజు ఆ భవనంలోనే లేడు. ఊరి అవతల ఇంకో పని దగ్గర ఉన్నాడు. నిచ్చెన కింద వ్యాన్‌లో ఉన్నాడు, ఏమీ చూడలేదు. వాడు మంచివాడు, నా మీద అభిమానం కొద్దీ అన్నాడు. ఫ్యూజ్ పెట్టింది నేను.

మూడో అంతస్తు ఆఫీసు అది. సీలింగ్ పలకల పైన మన కేబుళ్ళు పోయే దారిలోనే పాత కరెంటు తీగ ఉంది, పైతొడుగు పెచ్చులూడిపోయి. అందుకే ఫ్యూజ్ పీకి పనిచేస్తాం. పీకిన ఫ్యూజ్ పైనున్నవాళ్ళు దిగేదాకా ఇన్‌చార్జి జేబులో ఉండాలి. నా చొక్కా జేబులోనే ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఆ ఆఫీసువాళ్ళకి ఏదో సమావేశం. ముగ్గురు నా చుట్టూ నిలబడి, "అయిందా? అయిందా?" అని ఒకటే గోల. అయిపోయిందని చూపిద్దామనిపించింది. దీపాలు వెలిగితే వాళ్ళ ముందు గొప్పగా ఉంటుందనిపించింది. అంతే. అంతకంటే పెద్ద కారణం లేదు. పదహారు నెలలుగా వెతుకుతున్నాను, దొరకలేదు.

బావ ఆగమన్నాడు. నాకు వినబడింది. "సరే" అని కూడా అన్నాను. ఆగలేదు.

కోర్టులో "బాధ్యత నాదే" అను, ఇంకేం మాట్లాడకు అని వకీలు చెప్పాడు. ఆ మాట చాటున దాక్కున్నాను. వినేవాళ్ళకి అది పెద్దమనిషి మాటలా ఉంటుందని నాకు తెలుసు. నీకు రాసిన ప్రతి ఉత్తరంలో చెబుదామనుకున్నాను, ఒక్కదానిలోనూ రాయలేకపోయాను. నువ్వు విప్పలేదని తెలిశాక బతికిపోయాననుకున్నాను కూడా.

ఇంకొకటి. మీ అత్తయ్యగారికి మొదటి రోజు నుంచీ తెలుసు. ఆసుపత్రి వరండాలో, నువ్వు లోపల ఉన్నప్పుడు, ఆవిడ కాళ్ళ మీద పడి చెప్పాను. ఆవిడ నన్ను కొట్టలేదు. "దానికిప్పుడు చెప్పకు" అన్నారు. ఆ మాట పట్టుకుని ఇన్నాళ్ళు లాక్కొచ్చాను.

ఈ ఉత్తరం ఇక్కడివాళ్ళు చదువుతారు. చదవనీ.

– తమ్ముడు


ఇల్లు,
సెప్టెంబర్ 2.

నీకు,

ఎలా పిలవాలో తెలియక పైన అంతే రాశాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు పదకొండు ఫైళ్ళు ఉన్నాయి. పదకొండూ టైపు చేశాను. తర్వాత లేచి పోలీసు స్టేషన్‌కి వెళ్ళాను. ఫిర్యాదు ఊరికే వెనక్కి ఇవ్వరు, ఎందుకు ఇచ్చావు, ఎందుకు తీసుకుంటున్నావని అడుగుతారు. పొరపాటు పడ్డానన్నాను. అప్పటికే ఆ సూపర్‌వైజర్‌ని రెండుసార్లు పిలిపించి కూర్చోబెట్టారట. ఆయన ఇంటికి కూడా వెళ్ళి క్షమించమన్నాను. వాళ్ళావిడ తలుపు సగమే తీసింది. ఆయన మాత్రం, "మీ ఆయన చాలా మంచివాడమ్మా" అన్నాడు. అంతకంటే నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి దుప్పట్ల కింది ఉత్తరాలు తొమ్మిదీ విప్పాను. తొమ్మిదింటిలోనూ వానలు, తిండి, నీ నడుంనొప్పి. తొమ్మిదింటి చివరా క్షమించమని. దేనికి క్షమించాలో మాత్రం ఎక్కడా లేదు.

అప్పుడు వెళ్ళి అత్తయ్యని అడిగాను.

"మీకు తెలుసా?"

ఆవిడ టీవీ ఆపేశారు. "తెలుసు" అన్నారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు పుట్టింటి తరఫున మిగిలింది వాడొక్కడు. మొగుడు పోయిన రోజే తమ్ముడు కూడా పోయాడని ఏ నోటితో చెప్పనే?"

"నేనెవరిని తిట్టుకోవాలో, ఎవరిని తిట్టుకోకూడదో కూడా మీరే నిర్ణయిస్తారా?"

"వాడి పేరు ఎత్తితే నా నోట్లోంచి వచ్చేస్తుందని భయం. అందుకే ఎత్తలేదు. నువ్వు రాస్తున్నావని తెలిశాక ఊరుకున్నాను. వాడే చెబుతాడు, వాడే చెప్పాలి అనుకున్నాను."

నేను గట్టిగా అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు. ఆవిడని అంతవరకు ఎప్పుడూ ఒక్క మాట ఎదిరించలేదు. నెలరోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. ఒకే ఇంట్లో, ఎవరి గదిలో వాళ్ళం. మొన్న నాకు జ్వరమొస్తే ఆవిడ గోడ పట్టుకుని నడిచొచ్చి మందు ఇచ్చారు. అప్పుడు మళ్ళీ మాట్లాడుకున్నాం.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. నవంబర్‌లో నువ్వు ఇక్కడికి రావద్దు. మధ్య గది గురించి రాసింది మర్చిపో. గేటు దగ్గర నాకోసం చూడకు, నేను రాను. నువ్వు అబద్ధంలోనే ఉండిపోయి ఉంటే నాకొక తమ్ముడు మిగిలేవాడు. ఒక అమాయకుడు జైలుకి పోయేవాడు. నువ్వు చేసింది సరైన పనే, నాకు తెలుసు. తెలిసినా నీ ముఖం చూడలేను. ఎప్పటికైనా చూడగలనేమో కూడా నాకు తెలీదు, ఊరికే ఆశ పెట్టను.

అత్తయ్య ఒక సంగతి అడగమన్నారు. ఆవిడ కొడుకు ఆగమన్నాడని రాశావు. ఏమని అన్నాడు? ఆ మాటలే కావాలట, ఉన్నవి ఉన్నట్టు. ఆవిడకి చూపు ఆనదు కాబట్టి నేను చదివి వినిపిస్తాను. నాకోసం అందులో ఏమీ రాయకు.

– అక్క


జైలు, మూడో బ్యారక్,
సెప్టెంబర్ 12.

అత్తయ్యగారికి,

నమస్కరించే అర్హత లేదు. అయినా నమస్కారం.

మీరు అడిగింది ఇంతవరకు ఎవరూ అడగలేదు. పోలీసులూ అడగలేదు, కోర్టులోనూ అడగలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పైన పని రెండున్నరకే అయిపోయింది. బావ దిగడానికి ఒక సీలింగ్ పలక తీసి కాలు కూడా కిందికి వేలాడేశాడు. ఆ బూటు నాకు కనబడింది. మళ్ళీ పైకి లాక్కున్నాడు. నేను, "ఏమైంది బావా?" అన్నాను.

"ఇక్కడ పావురం గుడ్లు పెట్టిందిరా" అన్నాడు.

గోడలో ఏసీ గొట్టం కోసం కొట్టిన కన్నం ఉంది, అందులోంచి దూరి ఉంటుంది. నేను, "వదిలెయ్, దిగు" అన్నాను.

"సరిగ్గా కేబుల్ మీదే పెట్టింది. రేపు ఎవరైనా ఈ కేబుల్ లాగితే పగిలిపోతాయి. పక్కకి జరిపి వస్తాను. రెండు నిమిషాలు ఆగరా" అన్నాడు.

నేను "సరే" అన్నాను.

నవ్వుతున్నట్టే ఉంది గొంతు. తర్వాత ఆ పావురాన్ని బతిమాలుకుంటున్నాడు. "నిన్నేం చెయ్యనమ్మా, జరుగు, కొంచెం జరుగు" అని. బావ ఆఖరి మాట అదే. నాతో అన్నది కాదు.

అప్పుడు నా పక్కనున్న ఆఫీసాయన గడియారం చూపించాడు. రెండు నిమిషాలు అయిపోయి ఉంటాయనుకున్నాను. అవలేదు.

బావ నొప్పి పడలేదు. ఇది మీ ఊరట కోసం అనడం లేదు, డాక్టరు రాసిన కాగితంలో ఉంది.

ఫ్యూజ్ పీకేసి ముందుగా పైకి ఎక్కింది నేనే. బావ చెయ్యి చాపి ఉంది. చెయ్యి చివర, కేబుల్‌కి దూరంగా, గోడవారన గూడు ఉంది. రెండు గుడ్లు. పగల్లేదు.